ఓడ మనది, రెక్క లెవరివి?

విమానవాహక నౌకకు విమానమే ఆయుధము. 2022 సెప్టెంబరు 2వ తేదీన కొచ్చిన్ నౌకానిర్మాణశాలలో పుట్టిన నూతన విక్రాంత్ నౌకాదళమున ప్రవేశించినప్పుడు దేశమంతయు గర్వించెను. గర్వింపదగిన దినమే. కాని ఆ నౌకపై నెగురువాని మాట యేమి?

రష్యానుండి తెచ్చిన మిగ్-29కె విమానములు 45. వానిలో పనికి సిద్ధముగా నుండినవి నూటికి 16 మొదలు 38 వరకే యని 2016లో కంప్ట్రోలరు ఆడిటరు జనరలు నివేదిక బయటపెట్టెను. 2017లో నౌకాదళము 57 క్రొత్త విమానములకై విచారణ మొదలిడెను. ఫ్రాన్సుతో ఒడంబడిక కుదిరినది 2025 ఏప్రిలు 28న. కొన్నవి 26 రఫేల్ విమానములు. వెల సుమారు 63,000 కోట్ల రూపాయలు. పెండ్లిపందిరి వేసిన పిదప వరుని వెదకుట యిట్టిదే కాదా?

ఈ కొనుగోలే స్వదేశీ వ్రతభంగ మని కొంద రాక్రోశించుచున్నారు. మే మట్లనజాలము. మన తేజస్ 2020 జనవరి 11న విక్రమాదిత్యపై దిగిన మాట నిజమే. అయినను ఒంటి యింజనుతో, కురుచయైన ఓడతలమునుండి చాలినంత చమురును అస్త్రములను మోసికొని లేచుట దానికి కష్టమని నౌకాదళము 2016లోనే తెలిపెను. నడిసముద్రమున ప్రాణ మొడ్డు వైమానికునకు అభిమానము పేర చాలని విమానము నిచ్చుట దేశభక్తి కానేరదు.

మేలైన విమానము దొరకినది గదా, ఇక స్వంత మేల యనువారు మరికొందరు. వీరి వాదమే ప్రమాదకరము. 1998లో మనము అణుపరీక్షలు జరిపినంతనే అమెరికా తేజస్ నియంత్రణవ్యవస్థకు తా నిచ్చుచున్న సహకారమును నిలిపివేయలేదా? నాటి పాఠమును మరచితిమా? రెండింజనుల స్వదేశీ నౌకావిమానము ఇంకను ఆకసమును చూడలేదు. దానికి తలపెట్టిన యింజను సైతము అమెరికాదే. మన కావేరి యింజనును 2008లో తేజస్ నుండి విడదీసిరి. వ్యాధిమూల మిచ్చట నున్నది.

తూర్పుతీరవాసులమగు మనకిది దూరపు మాట కాదు. 1971 డిసెంబరులో పాత విక్రాంతును వేటాడ వచ్చిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖ యెదుటనే మునిగెను. మరల యుద్ధము వచ్చిననాడు విడిభాగములకై పరుల గుమ్మమున నిలువవలసినదేనా?

కావున ఈ 26 విమానములను వంతెనగా మాత్రమే యెంచవలెను. స్వదేశీ విమానమునకు ధనమును, గడువును ప్రభుత్వము బహిరంగముగా ప్రకటింపవలెను. ఇంజనుకు అగ్రస్థాన మీయవలెను. రాబోవు నౌకకు తొలిదూలము నిలుపుటకు ముందే దాని విమానమును నిర్ణయింపవలెను. అంతటి ఓడను కట్టిన చేతులకు రెక్కలు కట్టుట చేతగాదన్నచో మే మంగీకరింపము.