ఇంటికో బోర్ష్

పప్పుచారు ఎలా పెట్టాలో పదిళ్లలో అడగండి. పది రకాలుగా చెబుతారు. ఒకరింట్లో మునక్కాడ పడాల్సిందే. ఇంకొకరింట్లో చిన్న బెల్లం ముక్క లేనిదే అది చారే కాదు. 'మా అమ్మ ఇలాగే చేసేది' అన్నదొక్కటే అందరి కొలత.

రష్యా, ఉక్రెయిన్ వైపు బోర్ష్ సంగతీ అంతే. బీట్‌రూట్, క్యాబేజీ, బంగాళాదుంపలు వేసి కాచే ఎర్రటి పుల్లని పులుసు అది. గిన్నెలో పోశాక పైన ఓ చెంచా పులిసిన మీగడ వేస్తారు. పక్కన రొట్టె. పేరు ఒకటే. రుచి మాత్రం ఊరు మారితే మారిపోతుంది, వీధి మారినా మారిపోతుంది.

రష్యా తిండి అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి నల్లరొట్టె, సమోవార్‌లో టీ. తెలుగులోకి వచ్చిన రష్యన్ కథల పుస్తకాలు చదివి పెరిగినవాళ్లకు ఇవి పాత చుట్టాలే. అక్కడ మెడిసిన్ చదివొచ్చిన పిల్లల్ని కదిపితే 'బంగాళాదుంప, క్యాబేజీ తప్ప ఏముందండీ' అని పెదవి విరుస్తారు. హాస్టల్లోంచి చూస్తే ఏ దేశపు తిండైనా అంతే మరి. వంటింట్లోకి వెళితే కదా అసలు సంగతి తెలిసేది!

ఉక్రెయిన్‌లోని పొల్తావా వాళ్లు బోర్ష్‌లో పిండి ఉండలు వేస్తారు. చాలా ఊళ్లలో వెల్లుల్లి రాసిన మెత్తటి బన్నులు నంజుకుంటారు. మాంసం ముట్టని ఉపవాస దినాల్లో చిక్కుడు గింజలు, పుట్టగొడుగులు పడతాయి. పోలండ్‌లో క్రిస్మస్ ముందురోజు రాత్రి ముక్కలేవీ లేకుండా తేటగా వడకట్టి, అందులో పుట్టగొడుగులు కూరిన బుల్లి పిండి పొట్లాలు వేస్తారు. లిథువేనియా వాళ్లు ఎండాకాలంలో మజ్జిగలాంటి కెఫిర్‌తో చల్లగా కలుపుతారు. అది గులాబీ రంగులో ఉంటుంది, పక్కన మాత్రం వేడి వేడి బంగాళాదుంపలు.

తమాషా ఏమిటంటే, మొదట్లో బోర్ష్‌లో బీట్‌రూటే లేదు. ఆ పేరు ఒక అడవి మొక్కది. దాని ఆకుల్ని పులియబెట్టి పులుసు కాచేవారు. బీట్‌రూట్ తర్వాత వచ్చింది, బంగాళాదుంప, టమాటా ఇంకా తర్వాత. 'అసలైన బోర్ష్ ఇదే' అని పందెం కాసేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇంకాస్త ఉత్తరానికి, మాస్కో వైపు వెళితే ఇంటి పులుసు క్యాబేజీది. పేరు ష్చి. నెలల తరబడి మంచు కురిసే చోట పచ్చికూరలు ఎక్కడివి? అందుకే మనం వేసవిలో ఆవకాయ పెట్టుకున్నట్టు వాళ్లు చలికాలానికి ముందే క్యాబేజీ తరిగి, ఉప్పు వేసి పీపాల్లో పులియబెడతారు. చలికాలమంతా అదే కూర, అదే పులుపు.

ఉరల్ కొండలు, సైబీరియా వైపు చలి ఇంకా ఎక్కువ. అక్కడ ఆ చలినే ఫ్రిజ్‌గా వాడుకున్నారు. మన దగ్గర ఇంటిల్లిపాదీ చేరి వడియాలు పెట్టినట్టు, వాళ్లు బల్ల చుట్టూ కూర్చుని పిండి బిళ్లల్లో మాంసం ముద్ద పెట్టి మడుస్తారు. ఇవే పెల్‌మెనీలు. వందలకొద్దీ చేసి, బయట మంచులో గడ్డకట్టించి సంచుల్లో దాచేవారు. కావలసినప్పుడు గుప్పెడు తీసి మరిగే నీళ్లలో వేస్తే భోజనం తయారు. ఆ పేరు కూడా రష్యన్ కాదు. అక్కడే ఉండే కోమి, ఉద్‌ముర్త్ జనాల భాషల్లోంచి వచ్చింది. 'చెవి రొట్టె' అని అర్థం. ఆకారం అచ్చం చెవిలాగే ఉంటుంది మరి!

అదే ఉక్రెయిన్‌లో కజ్జికాయ ఆకారంలో మడిచి, లోపల బంగాళాదుంపో పుల్లటి చెర్రీపండ్లో పెడితే వరేనికీ. జార్జియాలో కుచ్చిళ్లు పెట్టి పైన ముడి వేస్తే ఖింకలీ. దాన్ని ముడి దగ్గర పట్టుకుని ముందు లోపలి రసం పీల్చాలి. మధ్య ఆసియాలో ఆవిరి మీద ఉడికిస్తే మంతీ.

ఇష్టపడి చేసుకున్నవే కాదు, కష్టంలో పుట్టిన వంటలూ ఉన్నాయి. 1937లో స్టాలిన్ ప్రభుత్వం తూర్పు సరిహద్దులో ఉంటున్న కొరియన్లను లక్షా డెబ్బైవేలమందికి పైగా రైళ్లకెక్కించి ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్‌లలో దింపేసింది. కిమ్చీ పెట్టుకుందామంటే వాళ్లకు కావలసిన క్యాబేజీ అక్కడ దొరకలేదు. దొరికింది క్యారెట్. దాన్నే సన్నగా దారాల్లా తరిగి, వెల్లుల్లి, కారం, ధనియాల పొడి, వెనిగర్ వేసి, పైన కాగిన నూనె పోశారు. కొరియా సంప్రదాయ వంటల్లో లేని ఈ 'కొరియా క్యారెట్' ఇప్పుడు రష్యా అంతటా బజార్లలో దొరుకుతుంది. తినేవాళ్లలో ఎంతమందికి ఆ రైళ్లు గుర్తొస్తాయో!

బోర్ష్‌కీ అలాంటి రోజులే వచ్చాయి. 2022 ఫిబ్రవరిలో రష్యా దాడి మొదలయ్యాక మన తెలుగు పిల్లలు ఉక్రెయిన్ నుంచి ఎలా బయటపడ్డారో అందరం టీవీల్లో చూశాం. మనవాళ్లు ఇల్లు చేరారు. ఆ దేశం వాళ్లు లక్షలమంది ఇల్లు వదిలారు. ఆ ఏడాది జులై 1న యునెస్కో, ఉక్రెయిన్ వాళ్ల బోర్ష్ సంప్రదాయాన్ని అత్యవసరంగా కాపాడుకోవలసిన వాటి జాబితాలో చేర్చింది. బోర్ష్ ఒక్కరి సొత్తు అని దానర్థం కాదు. పెరట్లో దుంప పండించుకోవడానికి, నలుగురూ ఒకచోట చేరి వండుకోవడానికి వీల్లేకుండా పోయిందని. పులుసు కాగితం మీద రాసి పెట్టుకోవచ్చు. పెరడును, పక్కన కూర్చుని నేర్పే అమ్మమ్మను ఏ కాగితం మీద రాస్తాం?

ఇంతకీ, వీటిలో మనింట్లో తేలిగ్గా చేసుకోగలిగింది ఒకటుంది. వసంతంలో మంచు కరగగానే అక్కడ ముందుగా మొలిచే ఆకుకూరల్లో ఒకటి మన చుక్కకూర జాతిదే. దానితో చేసేది పచ్చ బోర్ష్.

మూడు బంగాళాదుంపలు ముక్కలు చేసి ఉప్పునీళ్లలో ఉడికించండి. ఒక ఉల్లిపాయ, ఒక క్యారెట్ సన్నగా తరిగి నూనెలో మగ్గించి అందులో కలపండి. దుంప మెత్తబడ్డాకే రెండు కట్టల చుక్కకూర వేయాలి. ముందే వేస్తే ఆ పులుపుకి దుంప ఉడకదు. రెండు నిమిషాలు ఉడకనిచ్చి, దంచిన వెల్లుల్లి, మిరియాల పొడి వేసి దించేయండి. సోయకూర దొరికితే చల్లండి. గిన్నెల్లో పోశాక ఉడికించిన కోడిగుడ్డు ముక్కలు, చెంచాడు గట్టి మీగడ పెరుగు వేసుకోవాలి.

తాలింపు వెయ్యమని చెయ్యి లాగుతుంది. మొదటిసారికి ఆగండి. రెండోసారి వేసుకోండి, తప్పేం లేదు. అప్పుడది మీ ఇంటి బోర్ష్.