ఓటు మనది... వేదిక ఎవరిది?

పాడేది మన పిల్లలు. వినేది మన జనం. ఓట్లు వెళ్లేది మన ఫోన్లలోంచి. మరి వేదిక ఎవరిది? లెక్క ఎవరిది? లాభం ఎవరిది?

టీవీ పాటల పోటీలు మన ఇళ్లలోకి వచ్చి పాతికేళ్లు దాటింది. పేరున్న సంగీత దర్శకులు, గాయకులు పెద్ద కుర్చీల్లో కూర్చుంటారు. పల్లె నుంచి వచ్చిన పిల్లవాడు వణుకుతూ పాడతాడు. కుర్చీలో ఉన్న పెద్దమనిషి కళ్లు తుడుచుకుంటాడు. వెంటనే యాంకర్ మన వైపు తిరిగి మీ బిడ్డను మీరే గెలిపించుకోండి అంటుంది. పొద్దంతా మిరపకాయలు కోసి వచ్చిన తల్లి కూడా కొడుకు చేతిలో ఫోన్ తీసుకుని ఒక ఓటు వేయమంటుంది. ఇందులో తప్పేముందని చాలామంది అడుగుతారు. పాట వినడంలో తప్పు లేదు. మన బిడ్డ గెలవాలని కోరుకోవడంలో అసలే లేదు. మేము అడుగుతున్నది ఒక్కటే. ఆ అభిమానాన్ని ఎవరు వాడుకుంటున్నారు? దాని ఫలం ఎక్కడికి పోతోంది?

అద్దంకి సంగతే చూద్దాం. ఆ ఊళ్లో పుట్టిన మైనంపాటి శ్రీరామచంద్ర 2010లో సోనీ టీవీ ఇండియన్ ఐడల్ ఐదో విడతలో విజేత అయ్యాడు. అనూ మాలిక్, సునిధి చౌహాన్, సలీం మర్చంట్ న్యాయనిర్ణేతలు. రాకేశ్ మైనీ, భూమి త్రివేది చివరి దాకా పోటీలో నిలిచారు. హిందీ గడ్డ మీద, హిందీ పాటలు పాడి, తెలుగువాడు గెలిచాడు. ఆగస్టు 15 రాత్రి ఫలితం వచ్చింది. అది మనందరం గర్వపడిన రాత్రి. ఆ గర్వాన్ని మేము తక్కువ చేయడం లేదు.

కానీ ఆ విజయాన్ని కొంచెం వెనక్కి వెళ్లి చూడండి. అద్దంకి బిడ్డ సంగీతం నేర్చింది హైదరాబాద్‌లో. గెలిచింది ముంబైలో. పుట్టిన ఊరికి మిగిలింది చెప్పుకోవడానికి ఒక పేరు. అద్దంకికి అదొక్కటే పేరా? తెలుగు పద్యం రాతి మీద కనిపించే తొలి శాసనాల్లో మొదట చెప్పేది క్రీ.శ. 848 నాటి పండరంగని అద్దంకి శాసనం. ప్రోలయ వేమారెడ్డి రాజధాని అద్దంకి. ఆయన ఆస్థానంలో మహాభారతం పూర్తి చేసిన ఎర్రన ఉన్నాడు. పదకొండు వందల ఏళ్ల కిందటే పద్యాన్ని రాతి మీద చెక్కించుకున్న ఊరి నుంచి, ఇవాళ ఒక పిల్లవాడు పాడాలంటే వందల మైళ్లు పోవాలి. ఇది గర్వపడాల్సిన విషయమా? ఆలోచించాల్సిన విషయమా?

ఇక ఓటు సంగతి. 2010లో మూడు వారాల తేడాతో రెండు రకాల ఓట్లు చూశాం. జూలై 27న తెలంగాణలో 12 అసెంబ్లీ స్థానాలకు ఉప ఎన్నికలు జరిగాయి. 11 చోట్ల టీఆర్ఎస్, ఒక చోట బీజేపీ గెలిచాయి. అక్కడి జనం ఏం కోరుకుంటున్నారో దేశానికి తెలిసింది. మనిషికి ఒక్క ఓటు. కూలీకీ ఒకటే, కోటీశ్వరుడికీ ఒకటే. వేలి మీద సిరా పడితే మళ్లీ వేయడానికి లేదు. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని పడ్డాయో కాగితం మీద ఉంటుంది. ఎవరైనా అడగవచ్చు, ఎవరైనా చూడవచ్చు.

ఆగస్టులో టీవీ అడిగిన ఓటు అలాంటిది కాదు. ఒకే ఫోన్ నుంచి ఎన్నిసార్లయినా పంపవచ్చు. పంపిన ప్రతిదానికీ మామూలు మెసేజ్ కన్నా ఎక్కువ చార్జీ. డబ్బున్నవాడికి వంద ఓట్లు, లేనివాడికి ఒకటి. లెక్కపెట్టేదీ వాళ్లే, ప్రకటించేదీ వాళ్లే. ఆ డబ్బును ఫోన్ కంపెనీ, టీవీ కంపెనీ పంచుకుంటాయి. పాడిన పిల్లవాడి ఊరికి అందులో పైసా రాదు. ఇప్పుడు మెసేజ్‌లు పోయి యాప్‌లు వచ్చాయి. పద్ధతి మారింది కానీ స్వభావం మారలేదు. అప్పుడు మన చేతి చిల్లర తీసుకున్నారు. ఇప్పుడు మన ఫోన్ నంబరు, మన సమయం, మన కళ్లు తీసుకుంటున్నారు. దీన్ని ప్రజాతీర్పు అని పిలవడాన్ని మేము ఒప్పుకోం. ఒక్క ఓటు విలువ కోసం లాఠీలు తిన్న ఉద్యమకారులు అసలు ఒప్పుకోకూడదు.

అయితే పాటల పోటీ ఒక ప్రాంతాన్ని మేల్కొల్పదా? మేల్కొల్పుతుంది. దానికీ దేశంలో సాక్ష్యం ఉంది. 2007లో అదే ఇండియన్ ఐడల్ మూడో విడతలో డార్జిలింగ్ కొండల నుంచి వచ్చిన ప్రశాంత్ తమాంగ్ గెలిచాడు. అతను కోల్‌కతా పోలీసు కానిస్టేబుల్. షిల్లాంగ్ కుర్రాడు అమిత్ పాల్‌తో చివరి పోటీ. కొండల్లో ఊరూరా అభిమానుల కమిటీలు వెలిశాయి. చందాలు పోగుచేసి ఓట్లు పంపారు. సెప్టెంబర్ 23న గెలుపు వార్త వచ్చింది. ఆ తర్వాత ఢిల్లీలో ఒక రేడియో జాకీ గూర్ఖాలను కించపరుస్తూ మాట్లాడాడు. సెప్టెంబర్ 28న సిలిగురిలో గొడవలు చెలరేగాయి. ఆ వేడిలోనే అక్టోబర్ 7న బిమల్ గురుంగ్ నాయకత్వంలో గూర్ఖా జనముక్తి మోర్చా పుట్టింది. గూర్ఖాలాండ్ డిమాండ్ మళ్లీ లేచి నిలబడింది. ఇరవై ఏళ్లు కొండల్ని ఏలిన సుభాష్ ఘీషింగ్ 2008లో పదవి వదులుకోవలసి వచ్చింది.

అద్దంకికీ డార్జిలింగ్‌కీ తేడా ఎక్కడుంది? పోటీ ఒకటే, చానల్ ఒకటే. అక్కడ ఓటు వేసిన చేతులు మర్నాడు ఇంటికి పోలేదు. పాట కోసం కట్టిన కమిటీలను రాష్ట్రం కోసం నిలబెట్టారు. గూర్ఖాలాండ్ ఇంకా రాలేదు. 2011లో ప్రాంతీయ పాలనా సంస్థతో సరిపెట్టారు. అయినా ఒక పాఠం మిగిలింది. టీవీ ఇచ్చేది ఒక రాత్రి సంబరం. మిగతాదంతా జనం కట్టుకోవలసిందే. మనం సంబరం చేసుకున్నాం. కట్టుకోవడం మరిచాం.

ఇప్పుడు కుర్చీల సంగతి. 2010లో నెదర్లాండ్స్‌లో జాన్ డి మోల్ అనే టీవీ నిర్మాత ది వాయిస్ అనే పోటీ మొదలుపెట్టాడు. కోచ్‌లు గాయకుడికి వీపు చూపి కూర్చుంటారు. గొంతు నచ్చితే కుర్చీ తిప్పుతారు. 2015లో అది హిందీలోకి వచ్చింది. షాన్, సునిధి చౌహాన్, మికా సింగ్, హిమేశ్ రేషమియా కోచ్‌లు. మొహం చూడకుండా గొంతు వినడం మంచి ఆలోచనే. రంగు, ఊరు, బట్టలు కనిపించవు. కానీ ఆ కుర్చీ ముందు దాకా ఎవరు వచ్చారు? అంతకు ముందే వడపోత అయిపోయింది. నగరానికి వెళ్లడానికి రైలు చార్జీ, నాలుగు రోజుల బస, సంగీతం నేర్పిన గురువు ఉన్నవాళ్లే అక్కడికి చేరతారు. రాలేని గొంతుకు ఏ కుర్చీ తిరుగుతుంది?

మిర్చి యార్డు తెలిసిన రైతుకు ఇది అర్థం చెప్పనక్కరలేదు. టిక్కీలు మనం మోసుకుపోతాం. వ్యాపారి నాలుగు కాయలు చేతిలోకి తీసుకుని ధర చెబుతాడు. పండించినవాడికి ఆ ధరలో మాట లేదు. సరుకు ఎంత మంచిదైనా తూకం మన చేతిలో లేనప్పుడు మన గతి అదే. గొంతులకూ అదే జరుగుతోంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. అన్ని పోటీలనూ ఒకే గాటన కట్టడం లేదు. 1996లో ఈటీవీలో మొదలైన పాడుతా తీయగా వేదిక మీద ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఒక్క అక్షరం తప్పు పలికినా ఆపి సరిదిద్దేవారు. నేర్పడం ముందు, గెలిపించడం తర్వాత. ఉష, కౌసల్య, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ లాంటి వాళ్లు ఆ వేదిక మీది నుంచి వచ్చినవాళ్లే. 2020లో ఆయన పోయినప్పుడు పల్లెటూళ్లు కూడా ఏడ్చింది అందుకే. ఆ కుర్చీ గురువుది. ఇవాళ్టి కుర్చీల్లో చాలావాటికి గురువు పని తగ్గి ప్రచారం పని పెరిగింది. 2022లో ఆహా తెలుగు ఇండియన్ ఐడల్ తెచ్చినప్పుడు యాంకర్‌గా నిలబడింది మన శ్రీరామచంద్రే. గెలిచింది నెల్లూరు అమ్మాయి వాగ్దేవి. గొంతులు మనవే. స్టూడియో మాత్రం హైదరాబాద్‌లో.

ఈ వలస కొత్తది కాదు. అప్పటి గుంటూరు జిల్లా రేపల్లె దగ్గర పల్లపట్లలో పుట్టిన ఎస్.జానకి పాడటానికి మద్రాసు వెళ్లారు. దక్షిణాది భాషలన్నీ ఆమె గొంతులో పలికాయి. 2013లో పద్మభూషణ్ ప్రకటిస్తే, ఆలస్యంగా వచ్చిందని, దక్షిణాది కళాకారులకు తగిన గౌరవం దక్కడం లేదని తిరస్కరించారు. అదీ ఆత్మగౌరవం అంటే. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరంతో శ్రీరంగం చేరారు. తమిళనాడు ఆయన్ను నెత్తిన పెట్టుకుంది. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. పొన్నెకల్లు షేక్ నాజర్ ఒక్కరే బుర్రకథ తంబురా భుజాన వేసుకుని మన ఊళ్ల మధ్యే తిరిగారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన నడిచిన దారిలో ఇవాళ ఎన్ని దళాలు మిగిలాయి?

ఒకప్పుడు మనకు పోటీలు లేకనా? ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టింది తెనాలిలోనే. ఊళ్లలో పరిషత్తు నాటకాలు తెల్లవార్లూ ఆడేవి. పద్యం బాగుంటే జనం వన్స్‌మోర్ అనేవాళ్లు. బాగోకపోతే మొహం మీదే చెప్పేవాళ్లు. అదీ అసలైన ఓటు. దానికి చార్జీ లేదు. దాన్ని కొనడం కుదరదు. చేను నుంచి వచ్చి చాప మీద కూర్చున్నవాడే అక్కడ జడ్జి.

ఇక్కడ రాష్ట్రం మాట రాక తప్పదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే 1954లో హైకోర్టు గుంటూరులో పెట్టారు. 1956లో విలీనంతో అదీ హైదరాబాద్ పోయింది. ముల్కీ నిబంధనలు వద్దని, ప్రత్యేక ఆంధ్ర కావాలని 1972లో ఎన్జీవోలు సమ్మెకు దిగారు, విద్యార్థులు కాలేజీలు వదిలి రోడ్డెక్కారు. ఆ మాట ఎవరూ వినలేదు. 2014లో రాష్ట్రం విడిపోయింది. మనం కోరిన తీరులో విడిపోయిందా అన్నది వేరే చర్చ. 2019 జనవరి 1న హైకోర్టు అమరావతికి వచ్చింది. కోర్టు తిరిగి వచ్చింది. ఉద్యోగులు పెట్టే బేడా సర్దుకుని వచ్చారు. కానీ వేదిక రాలేదు. సినిమా రాలేదు, టీవీ రాలేదు, పాట రికార్డు చేసే నాలుగు గదులు కూడా పేరు చెప్పుకునేంతగా రాలేదు. ఫైళ్లు వస్తే రాష్ట్రం వచ్చినట్టేనా?

మాకు హైదరాబాద్ మీద కోపం లేదు. తెలంగాణ సోదరుల నుంచి నేర్చుకోవలసింది ఉంది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఏ చానల్‌నీ అడగలేదు. సెలబ్రిటీ కుర్చీలు లేవు, మార్కులు లేవు. ఒక గొంగడి, ఒక డప్పు, కాళ్లకు గజ్జెలు. గద్దర్, గోరటి వెంకన్న, అందెశ్రీ, రసమయి బాలకిషన్ పాటలు ఊరూరికీ నడిచి వెళ్లాయి. వాళ్లు వేదిక కోసం ఎదురు చూడలేదు. నిలబడిన చోటే వేదిక చేసుకున్నారు.

కాబట్టి మా డిమాండ్లు సూటిగా చెబుతున్నాం. తెలుగు పాటల పోటీ పెట్టే ప్రతి సంస్థా గుంటూరు, ఒంగోలు, నరసరావుపేట లాంటి చోట్లకు వచ్చి గొంతులు వినాలి. ప్రేక్షకుల ఓటు అడిగితే ఫోనుకు ఒక్క ఓటే ఉండాలి. ఎవరికి ఎన్ని వచ్చాయో ప్రతి వారం బయటపెట్టాలి. రాష్ట్ర ప్రభుత్వం జిల్లాకో మంచి రికార్డింగ్ గది, మండలానికో సంగీతం మాస్టారు ఇవ్వాలి. ఇది దానం కాదు. వందేళ్లుగా గొంతులు పంపిన నేలకు తీర్చవలసిన బాకీ.

ప్రభుత్వాన్ని అడిగి ఊరుకుంటే చాలదు. విద్యార్థి మిత్రులు హాస్టళ్లలో నెలకొక పాటల రాత్రి పెట్టండి. ఉద్యోగ సంఘాలు సమావేశాల్లో పది నిమిషాలు ఊరి గాయకుడికి ఇవ్వండి. మిర్చి అమ్ముడయ్యాక ఊరి తిరునాళ్లలో రికార్డింగ్ డాన్సుకు ఇచ్చే డబ్బులో సగం బుర్రకథ దళానికి ఇవ్వండి. టీవీలో మన బిడ్డకు ఓటు వేయండి, వద్దనం. ఆ ఓటు వేసిన చేత్తోనే ఊళ్లో ఒక అరుగు కట్టండి.

గెలిచిన బిడ్డను చూసి చప్పట్లు కొట్టే జనంగా మిగిలిపోదామా? బిడ్డలు పాడటానికి సొంత గడ్డ మీద చోటు ఇచ్చే జనంగా నిలబడదామా? ఈ ఓటు మాత్రం మన చేతుల్లోనే ఉంది.

జై ఆంధ్ర!