3 దగ్గరే పట్టుకోవాలి

విద్యానగర్, అశోక్‌నగర్ రూముల్లో గ్రూప్స్‌కు చదివేవాళ్లు ‘టెన్షన్‌గా ఉందిరా’ అని పక్కవాడితో చెప్పేస్తారు. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు ఆ మాట నోటికి రాదు. అందుకే వాళ్ల చేతికి 1 నుంచి 5 దాకా రంగులు వేసిన స్కేలు ఇస్తారు. 1 అంటే హాయి, 5 అంటే ఇక తట్టుకోలేను. అమెరికాలో కారీ డన్ బ్యూరన్, మిట్జీ కర్టిస్ 2003లో పుస్తకంగా తెచ్చిన పద్ధతి ఇది. పిల్లాడు 3 మీద వేలు పెట్టినప్పుడే చప్పుడు లేని చోటికి తీసుకెళ్లాలి. 5కి చేరాక ప్రశ్నలేస్తే లాభం లేదు. కార్డు ఎవరైనా ప్రింట్ తీస్తారు. ఫలానా పిల్లాడికి 3 ఎలా ఉంటుందో కనిపెట్టడమే చదువుకుని చేయాల్సిన పని. వేరే ఉద్యోగం రాలేదని ఎంచుకునేది కాదు.

ప్రైమరీలో ప్రత్యేక అవసరాలున్న 10 మందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్ఐఈపీఐడీలో బీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్ ఉంది. వేరే కాలేజీలో చేరుతుంటే ముందు ఆర్‌సీఐ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి.