మడత తెలిస్తే మెకానికల్‌కీ దారుంది

‘కోర్ బ్రాంచ్ తీసుకుని ఇరుక్కుపోయాం అన్నా’ అనే మెకానికల్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ... ఒక్కసారి ఒరిగామి వైపు చూడండి. అది పూర్తిగా జపాన్ సొత్తేం కాదు. కిండర్‌గార్టెన్‌ను మొదలుపెట్టిన జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ పాఠాల్లోనూ కాగితం మడతలున్నాయి. 1876లో టోక్యోలో కిండర్‌గార్టెన్ తెరిచాక అవి అక్కడి సంప్రదాయంతో కలిసిపోయాయి.

ఇప్పుడు ఆ కళ ల్యాబుల్లోకి వచ్చింది. జపాన్ శాస్త్రవేత్త కోర్యో మియురా పేరుతో ఉన్న మడతనే తీసుకోండి. ఎదురెదురు మూలలు పట్టి లాగితే షీటంతా ఒకేసారి విచ్చుకుంటుంది. మడతమడతకీ మోటార్ అక్కర్లేదు. 1995లో జపాన్ పంపిన స్పేస్ ఫ్లయర్ యూనిట్‌లో ఈ పద్ధతిని పరీక్షించారు. అమెరికాలో రాబర్ట్ లాంగ్ అనే భౌతికశాస్త్రవేత్త 2001లో ఉద్యోగం వదిలి పూర్తిగా మడతలకే అంకితమయ్యారు. మనింట్లో అయితే ఏమనేవాళ్లో! ఆయన లెక్కలు కారు ఎయిర్‌బ్యాగ్ మడతల సిమ్యులేషన్‌కు పనికొచ్చాయి.

అయితే ‘ఒరిగామి ఇంజినీర్’ అని ప్రకటన కోసం వెతక్కండి, దాదాపు దొరకదు. ‘డిప్లాయబుల్ స్ట్రక్చర్స్’, ‘మెకానిజం డిజైన్’ అని వెతకండి. అసలు చిక్కు మందం దగ్గర వస్తుంది. కాగితం మందాన్ని లెక్కలోకి తీసుకోకపోయినా నడుస్తుంది, అల్యూమినియం ప్యానెల్‌తో కుదరదు. కీలు ఎక్కడ పెట్టాలో మళ్లీ లెక్కగట్టాలి. ఫైనలియర్ ప్రాజెక్టుకి ఈ ఒక్క సమస్య చాలు. ముందు చార్టు మీద మియురా మడత వేయండి, తర్వాత క్యాడ్‌లో మందమిచ్చి చూడండి. ఎక్కడ బిగుసుకుపోయిందో రాసిపెట్టుకోండి, ఇంటర్వ్యూలో చెప్పాల్సింది అదే.