సొంత వాకిలి: ఖరగ్‌పూర్ తెలుగు సంగీతకారుల ప్రణాళిక

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) కాలమున శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి రైలు వర్క్‌షాపు పనికై వచ్చి ఖరగ్‌పూరున స్థిరపడిన కుటుంబములలో జన్మించి, పగలు డ్యూటీ చేసి రాత్రి హార్మోనియము ముందు కూర్చుండు గాయకులము, వాద్యకారులము అగు మేము, మా పాటకు మా పేరిట ఒక వెబ్‌సైటు ఉండి తీరవలెనని నిశ్చయించి ఈ ప్రణాళికను ప్రకటించుచున్నాము.

ఫేస్‌బుక్కును, యూట్యూబును మేము ద్వేషింపము. ఇచటి మథురాకాటి పేటలో పాడిన భజన ఆ సాయంకాలమునకే పలాసలోని మేనత్త చెవిని బడుట వాని చలువయే. అయినను రైల్వే క్వార్టరులో పెరిగిన మాకు ఒకరు చెప్పనక్కరలేని సంగతి యొకటి కలదు: ముప్పది యేండ్లు కాపురముండి పెరటిలో మునగచెట్టు పెంచినను, ఉద్యోగవిరమణానంతరము తాళపుచెవి అప్పగింపవలసినదే. సామాజిక మాధ్యమములలోని మా పుటలును అట్టి క్వార్టర్లే. ఆర్కుట్ 2014లో మూతపడెను. 2020 జూన్ నెలలో టిక్‌టాక్ మన దేశమున నిషేధింపబడగా, అందు పాడినవారి శ్రోతలు చెల్లాచెదరైరి. మైస్పేస్, అంతకు మూడేండ్లకు మించి పూర్వము చేర్చబడిన పాటలు సర్వర్ల మార్పిడిలో పోయినవని 2019లో చల్లగా సెలవిచ్చెను. కారణములు వేరువేరు, పాడినవాని చేతిలో ఏమియు లేకపోవుట మాత్రము మూటికిని సమానము.

పోవుటకంటె మరుగుపడుట మరింత బాధాకరము. శ్రీరామనవమి పందిటిలో ఒక పెద్దాయన పాడిన తత్త్వమును ఫోనులో పట్టి పెట్టితిమా, దాని క్రింద ‘సూపర్’ అను మాటలు కుప్పలుగా చేరునే గాని, పాడినదెవరు, మద్దెల ఎవరిది, ఆ వరుస ఏ యూరినుండి వచ్చినది అను వివరమొక్కటియు చేరదు. వారము తిరుగకమున్నే అది క్రిందికి జారి, వెదకినను దొరకదు. మా వెబ్‌సైటున ప్రతి పాటకు స్థిరమైన పుట యొకటి యుండును. అందు గాయకుని పేరు, రాగమో వరుసయో, తాళము, పాడిన చోటు, తేదీ తప్పక వ్రాయబడును. సాహిత్యము తెలుగు లిపితోబాటు బంగ్లా లిపిలోను ఉండును. ఏలయనగా ఇంట తెలుగు మాటలాడుచు, బడిలో బంగ్లాయే గాని తెలుగక్షరము నేర్వని పిల్లలు మా యిండ్లలోనే పలువురు కలరు.

డొమైన్ పేరు ఒక్కరి పేరిట గాక బృందము పేరిట నమోదు కావలెను. ఏటేట కట్టవలసిన రుసుము పందిరి చందాలోనుండి తీయబడును. కోశాధికారుల మరపు లోకవిదితము గనుక గడువు తేదీని ముగ్గురు వ్రాసికొందురు. మూల ధ్వనిముద్రణలు రెండు హార్డ్‌డిస్కులలో, రెండు వేరు ఇండ్ల ఉండవలెను. పెండ్లికో పూజకో మమ్ము పిలువదలచినవారికి ఫోను నంబరు తొలి పుటలోనే కనబడును. నడుమ దళారి యుండడు.

సామాజిక మాధ్యమములలో ఇకమీదటను పాడుదుము. కాని అక్కడ పెట్టునది తునక, దాని క్రింద మా పుట చిరునామా. రాబోవు మాతాపూజ ఉత్సవమున తీయు ధ్వనిముద్రణలతో పని ఆరంభమగును. తాతతండ్రుల పాటలున్న కాసెట్లు ఎవరి పెట్టెలోనున్నను తెచ్చి యిచ్చినచో, నకలు తీసికొని మూలమును వారికే తిరిగి యిచ్చెదము.