స్టేబుల్ ఉన్నన్నాళ్లూ జెన్‌కు రక్షణ కావాలి: వినతిపత్రం

గౌరవనీయులైన డెబియన్ ప్రాజెక్ట్ లీడర్ గారికి, రిలీజ్ టీమ్, సెక్యూరిటీ టీమ్ సభ్యులకు,

విషయం: డెబియన్ స్టేబుల్‌లో జెన్ హైపర్‌వైజర్‌కు భద్రతా మద్దతు మధ్యలో ఆగిపోకుండా చూడాలని విన్నపం.

అయ్యా, అమ్మా,

మేం డెబియన్ మీద జెన్ నడిపేవాళ్లం. కొందరం సొంత సర్వర్ల మీద, కొందరం జీతమిచ్చేవాళ్ల సర్వర్ల మీద నడుపుతాం. కొత్త జెన్ ప్యాకేజీ టెస్టింగ్‌లోకి రాగానే వేసి చూస్తాం. చెడితే బగ్ రాస్తాం, చేతనైతే ప్యాచ్ కూడా పంపుతాం. ఆ ప్యాకేజీని నిర్వహిస్తున్న స్వచ్ఛంద సేవకుల మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. వాళ్ల ఓపిక లేకపోతే డెబియన్‌లో జెన్ ఈపాటికి ఉండేదే కాదు. మా గోడంతా తేదీల గురించి.

4.14, 4.17 వెర్షన్ల కాలంలో జెన్ ప్రాజెక్ట్ పద్ధతి ఇది: వెర్షన్ వచ్చాక ఏడాదిన్నర పాటు అన్ని లోపాలూ సరిచేసేవారు, మరో ఏడాదిన్నర భద్రతా లోపాలు మాత్రమే సరిచేసేవారు. వెరసి మూడేళ్లు. డెబియన్‌లో సెక్యూరిటీ టీమ్ మద్దతు మూడేళ్లు, ఆపైన ఎల్‌టీఎస్ రెండేళ్లు. రెండుచోట్లా మూడే కదా, సరిపోయిందిలే అనిపిస్తుంది. సరిపోదు. డెబియన్ విడుదల కాకముందే జెన్ ఆయుష్షు తరగడం మొదలవుతుంది. 4.14 వచ్చింది జూలై 2020లో. దాన్ని పెట్టుకున్న డెబియన్ 11 వచ్చింది ఆగస్టు 2021లో. ఫ్రీజ్ మొదలయ్యాక, ఏప్రిల్‌లో 4.15 వచ్చినా దాన్ని తీసుకునే వీల్లేకపోయింది. అంటే విడుదల రోజుకే మూడింట ఒక వంతు ఖర్చైపోయింది. 2023 జూలైకి మిగతాదీ అయిపోయింది. డెబియన్ 11కు సెక్యూరిటీ టీమ్ ఇచ్చిన గడువు 2024 ఆగస్టు, ఎల్‌టీఎస్ గడువు 2026 ఆగస్టు. డెబియన్ 12 కాస్త నయం. అందులోని 4.17 వయసు విడుదల నాటికి ఆరు నెలలే. అయినా 2025 డిసెంబర్‌తో దాని మూడేళ్లు చెల్లు. ఎల్‌టీఎస్ మాత్రం 2028 జూన్ దాకా ఉంది.

జెన్ మద్దతు ముగిసి డెబియన్ మద్దతు మిగిలిన ఈ ఖాళీలో వచ్చిన ప్రతి భద్రతా ప్రకటననూ పాత కోడ్‌కు ఎవరో ఒకరు అతికించాలి. మామూలు లైబ్రరీ అయితే అది ఒక సాయంత్రం పని. హైపర్‌వైజర్ అలా కాదు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ బయటపడ్డాక జెన్‌లో గెస్ట్ నుంచి హైపర్‌వైజర్‌లోకి వచ్చిపోయే దారులన్నీ మళ్లీ మళ్లీ తిరగరాశారు. తర్వాత వచ్చిన దిద్దుబాట్లు ఆ మార్పుల మీద నిలబడినవే. పైనున్న ఒక ప్యాచ్ కావాలంటే దాని కిందున్న వరసంతా తేవాలి. తేవడంలో ఒక్క తనిఖీ జారిపోతే, ఒక గెస్ట్ మిగతా గెస్టులందరి మెమరీ చదవగలదు. జీతం లేని మనిషి మీద, అదీ ఒక్కడి మీద, ఆ బాధ్యత పెట్టడం న్యాయం కాదు. అలా ఒంటరిగా అలిసిపోయిన నిర్వాహకుడి ఇంట్లోకి దొంగ ఎలా దూరాడో 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ వ్యవహారం అందరికీ చూపించింది.

పాతదైతే నలిగి గట్టిపడి ఉంటుందన్న వాదన ఒకటి తరచూ వింటాం. కానీ 2015 అక్టోబర్‌లో బయటపడిన ఎక్స్‌ఎస్‌ఏ-148 అనే జెన్ లోపం 3.4 వెర్షన్ నుంచీ అక్కడే ఉంది. పారావర్చువల్ గెస్ట్ దాన్ని పట్టుకుని మొత్తం యంత్రాన్నే సొంతం చేసుకోగలిగేది. అన్నేళ్లూ నలిగిన కోడే మరి.

అందుకని మా ప్రధాన డిమాండ్ ఇది. జెన్ ప్రాజెక్ట్ మద్దతు ముగిసే ముందే, స్టేబుల్‌లోని జెన్‌ను ఇంకా మద్దతున్న తర్వాతి వెర్షన్‌కు మార్చే అనుమతి ముందస్తుగా, రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇది కొత్త వరమేమీ కాదు. ఫైర్‌ఫాక్స్ ఈఎస్‌ఆర్ స్టేబుల్‌లోనే వెర్షన్ మారుతుంది, క్రోమియం కూడా మారుతుంది. పాత బ్రౌజర్‌కు ప్యాచ్‌లు అతికించడం అయ్యే పని కాదని మీరే ఒప్పుకున్నారు. బ్రౌజర్‌కు వర్తించిన తర్కం దాని కిందెక్కడో నడుస్తున్న హైపర్‌వైజర్‌కు ఎందుకు వర్తించదు? ఇప్పటి పరిస్థితి అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది. పాతదానికి ప్యాచ్ రాదు, కొత్తది లోపలికి రానివ్వరు.

సాంకేతికంగా ఇది చేయదగ్గ పనే. జెన్ నియంత్రణ ఇంటర్‌ఫేస్ వెర్షన్ వెర్షన్‌కూ మారుతుంది కాబట్టి, కొత్త పనిముట్లు పాత హైపర్‌వైజర్‌తో మాట్లాడలేవు. అప్‌గ్రేడ్ చేసి ఇంకా రీబూట్ చేయని యంత్రంలో గెస్టులను సరిగా ఆపడానికి కూడా పాత పనిముట్లే కావాలి. ఈ చిక్కును డెబియన్ ఏనాడో విప్పింది. యుటిల్స్ ప్యాకేజీ పేరులోనే వెర్షన్ ఉంటుంది, రెండు వెర్షన్లూ డిస్కు మీద పక్కపక్కనే ఉంటాయి. నడుస్తున్న హైపర్‌వైజర్ ఏదో చూసి ఎక్స్‌ఎల్ ఆదేశాన్ని దానికి తగ్గ పనిముట్టుకు అప్పగించే చిన్న స్క్రిప్టు ఒకటుంది. మా దృష్టిలో ఈ ప్యాకేజీలో అన్నిటికంటే తెలివైన పని అదే. ఎవరూ మెచ్చుకోగా చూడలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

ఇబ్బంది లేదని మేం అనడం లేదు. క్యూఈఎంయూనీ లిబ్‌వర్ట్‌నూ మళ్లీ బిల్డ్ చేయాలి. లిబ్‌వర్ట్ వాడేవాళ్లకు రీబూట్ అయ్యేదాకా గెస్టుల మీద పట్టు ఉండదు. అందుకే దీన్ని అర్ధరాత్రి సెక్యూరిటీ అప్‌డేట్‌గా పంపవద్దని, తేదీ ముందే చెప్పిన పాయింట్ రిలీజ్‌లో పెట్టమని కోరుతున్నాం.

అనుమతి ఇవ్వలేమంటారా, అదైనా స్పష్టంగా చెప్పండి. మద్దతు ముగిసిన ప్యాకేజీలను చూపించే డెబియన్-సెక్యూరిటీ-సపోర్ట్ ఉంది, నిజమే. అది వేసుకున్నవాళ్లకే చెబుతుంది. జెన్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే దాని గడువు తేదీ తెర మీద కనబడాలి, రిలీజ్ నోట్సులోనూ ఉండాలి. గెస్టులను అద్దెకిచ్చి బతికే చిన్న హోస్టింగ్ వాళ్లు ఆ తేదీ చూసే తమ ప్రణాళిక వేసుకుంటారు.

పరీక్షల సంగతి వేరే చెప్పాలి. బిల్డ్ సర్వర్లలో జెన్ కంపైల్ అవుతుంది. కానీ బూట్ అవుతుందో లేదో తెలియాలంటే దానికంటూ ఒక యంత్రం ఉండాలి. నెస్టెడ్ పద్ధతిలో కొంత పరీక్షించవచ్చు గానీ ఐఓఎమ్‌ఎమ్‌యూ, మైక్రోకోడ్, సీరియల్ కన్సోల్ గొడవలు అందులో కనిపించవు. ఇంటెల్, ఏఎండీ, ఆర్మ్64 యంత్రాలు ఒక్కొక్కటి, దూరం నుంచి పవర్ ఆపి వేసే సదుపాయంతో, ప్రాజెక్ట్ నిధుల నుంచి కొనివ్వాలి. ప్యాకేజీ నిర్వాహకులు తమ ఇంటి కరెంటు బిల్లుతో ఈ పని చేయాల్సిన ఖర్మ ఉండకూడదు.

ఇక ఎంబార్గో. జెన్ భద్రతా ప్రకటనలు బయటికి రాకముందే, సాధారణంగా రెండు వారాల ముందు, జాబితాలో ఉన్నవాళ్లకు రహస్యంగా అందుతాయి. 2014లో ఎక్స్‌ఎస్‌ఏ-108 అక్టోబర్ 1న బయటపడేలోపే అమెజాన్ తన సర్వర్లలో కొన్నిటిని రీబూట్ చేసి పెట్టుకుంది. అంత సిబ్బంది మనకు లేదు, తెలుసు. కనీసం జెన్ ప్యాకేజీ తెలిసిన ఇద్దరికి ఆ ముందస్తు సమాచారం చేరాలి. ఒకరు జ్వరంతో పడుకుంటే రెండో మనిషి బిల్డ్ చేయాలి. ఎల్‌టీఎస్ కాలంలో ఆ ఇద్దరి గంటలకు డబ్బు ముట్టాలి. ఎల్‌టీఎస్‌కు నిధులిచ్చే సంస్థల ముందు జెన్ పేరు విడిగా పెట్టి అడగమని కోరుతున్నాం. వాడుకునేవాళ్లు చాలామందే ఉన్నారు, అడిగినవాళ్లు లేరు.

డెబియన్ 14 ఫ్రీజ్ మొదలయ్యేలోపు మా ప్రధాన డిమాండ్ మీద అవుననో కాదనో సమాధానం ఇవ్వాలని ప్రార్థన. అవునంటే, పాయింట్ రిలీజ్‌కు ముందు వచ్చే ప్రతి జెన్ ప్యాకేజీనీ మా యంత్రాల మీద వేసి, పాత హైపర్‌వైజర్ నుంచి కొత్తదానికి మారడం, గెస్టులను ఆపి లేపడం, లైవ్ మైగ్రేషన్ పరీక్షించి ఫలితాలు బగ్ ట్రాకర్‌లో రాసే పూచీ మాది. ఏ యంత్రాల మీద, ఎవరెవరు పరీక్షిస్తారో జాబితా దీంతో జతచేస్తున్నాం.

ఇట్లు,
డెబియన్ జెన్ వాడుకరులు, పరీక్షకులు