ఆయాసమునకెల్ల లేహ్యమే మందా?

నాలుగు మెట్లెక్కగానే రొప్పు వచ్చినచో మన ఇండ్లలో మొదట వినవచ్చు మాట "వయసు మీద పడినది" అని. వెంటనే లేహ్యపు డబ్బా బయటికి వచ్చును. నడుము చుట్టుకొలత ఎంతయని అడుగువారు అరుదు. ఈ అలవాటు మారవలెనని నా అభిప్రాయము.

మేదస్సు అధికమైనచో క్షుద్రశ్వాస, అనగా కొద్ది శ్రమకే కలుగు రొప్పు, వచ్చునని సుశ్రుతుడు ఏనాడో చెప్పెను. ఆధునిక వైద్యము దాని కారణమును విశదపరచినది. పొట్టలో చేరిన కొవ్వు ఉదరవితానమును పైకి నెట్టును. ఛాతీపై పేరుకొన్నది ప్రక్కటెముకల కదలికకు భారమగును. ఊపిరితిత్తుల మొత్తము పరిమాణము అంతగా తగ్గకపోయినను, మామూలుగా ఊపిరి విడిచిన పిదప లోపల మిగులు గాలి తగ్గిపోవును. అందుచే అడుగుభాగమున సన్నని గాలిగొట్టములు మూసుకొనిపోవచ్చును. వెల్లకిల పరుండినప్పుడు ఈ ఇబ్బంది హెచ్చును.

చ్యవనప్రాశ వంటి లేహ్యములు బృంహణములు. వాటిలో తీపియు, నేయియు సమృద్ధిగా నుండును. దగ్గుతో చిక్కి శల్యమైన వానికి అవి మేలు చేయును. మేదస్సు పెరిగి రొప్పువానికి వాటినే తినిపించుట అగ్నికి ఆజ్యము పోయుటయే.

అట్లని కటిక ఉపవాసములును తగవు. చరకుడు అతిస్థూలునితోపాటు అతికృశుని గూడ నిందితులలో చేర్చెను. దేహము మిక్కిలి చిక్కినచో శ్వాసకు తోడ్పడు కండరములు సైతము బలహీనపడును. దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి గలవారు బరువు కోల్పోవుట మంచి సూచన కాదు.

కావున ముందుగా టేపుతో నడుము కొలుచుకొనుడు. మన దేశీయులలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. దాటినచో చరకుడు స్థూలునకు చెప్పిన యవలు, కొర్రలు, చామలు, పెసలు, ఉలవలు వంటింటికి రావలెను. రాత్రి భోజనము పెందలకడ, మితముగా నుండవలెను. నిత్యము నడక తప్పరాదు. బరువు తగ్గుకొలది శ్వాస తేలికపడును.

అయితే ప్రతి ఆయాసమును లావుపై నెట్టివేయరాదు. హఠాత్తుగా వచ్చినదైనను, ఛాతీనొప్పి గాని కాళ్ళవాపు గాని తోడైనను వెంటనే వైద్యుని చూడవలెను. ఉబ్బసమునకు వాడు మందును స్వయముగా మానరాదు. రోగమొక్కటే కాదు, రోగి దేహమును గూడ చూచి మందిచ్చుటయే ఆయుర్వేద మార్గము. ఇంటివైద్యమునకును అదియే నియమము కావలెను.